ఇల్లు వదిలి తిరుపతిలో మొదటిసారి రూమ్ తీసుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర ఒక పల్లె. ఉద్యోగం వచ్చి తిరుపతిలో రూమ్ తీసుకుని ఆరేళ్ళు దాటింది. అప్పటి నుంచి మా ఊరి పిల్లలైనా, చుట్టాల పిల్లలైనా, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళైనా ఇల్లు వదిలి రావాలంటే ముందు నాకే ఫోన్ చేస్తారు. అడిగేవి ఇంచుమించు ఇవే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. అంతా చదివే ఓపిక లేకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి: బాడుగ ఎంత అని అడిగే ముందు నీళ్ళ సంగతి అడగండి.

రోజూ బస్సులో పోయి రావచ్చు కదా అంటున్నారు ఇంట్లో. ఏం చెప్పాలి?

వాళ్ళు చెప్పినట్టే ఓ రెండు నెలలు చేసి చూపించండి. వాదన కంటే అదే బాగా పనిచేస్తుంది. చిత్తూరు నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు. ఊరి నుంచి రోడ్డు మీదికి రావడం, బస్సు కోసం కాచుకోవడం, తిరుపతి బస్టాండులో దిగి మళ్ళీ ఆటో ఎక్కడం, అన్నీ కలిపితే రోజుకు నాలుగైదు గంటలు దారిలోనే పోతాయి. పాకాల మీదుగా రైలు ఉంది గానీ దాని టైము మన డ్యూటీ టైముతో కలిస్తే అదృష్టమే.

ఛార్జీల గురించి మాత్రం మాట్లాడకండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కాబట్టి ‘బస్సుకే జీతం సరిపోతుంది’ అంటే మీ అమ్మే నవ్వుతుంది. నేను ఐదు నెలలు అలా తిరిగాను. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి అన్నం ముందు కూర్చుని అలాగే నిద్రపోతే, ‘ఇంక చాలు, అక్కడే ఎక్కడైనా ఉండు’ అని మా అమ్మే అంది. రేణిగుంట వైపు కంపెనీల్లో షిఫ్టు డ్యూటీ అయితే ఈ ప్రశ్నే రాదు. రాత్రి షిఫ్టు దిగేవేళకు ఊరికి బస్సు ఎక్కడుంది?

అమ్మ సరేనంది. నాయన మాట్లాడటం మానేశారు. ఏం చేయాలి?

మాట్లాడమని బలవంతం చేయకండి, రూమ్ చూడటానికి తీసుకుపోండి. మా నాయన కూడా పది రోజులు ముఖం చాటేశాడు. అడ్వాన్సు ఇచ్చే ముందు ‘నువ్వొకసారి చూసి చెప్పు నాయనా’ అన్నాను. వచ్చాడు. ఓనరు చెప్పేదేదీ వినలేదు. ముందు బాత్రూములో కొళాయి తిప్పి, నీళ్ళు అరచేతిలోకి పట్టుకుని నాలుక మీద వేసుకున్నాడు. స్విచ్‌లన్నీ వేశాడు. తలుపు లోపలి నుంచి మూసి, గడియ పెట్టి, భుజంతో ఒక తోపు తోశాడు. గడియ ఊగింది. ఏమీ అనకుండా కిందికి దిగిపోయాడు. కోపమొచ్చి వెళ్ళిపోయాడనే అనుకున్నాను. అరగంటకు లావుపాటి ఇనప గడియ, నాలుగు స్క్రూలు, అద్దెకు తెచ్చిన డ్రిల్లింగ్ మిషన్‌తో వచ్చాడు. బిగించాక మళ్ళీ భుజంతో తోశాడు. ‘సరే, అడ్వాన్సు ఇయ్యి’ అన్నాడు.

అందరి నాయనలూ ఇలాగే ఉంటారని కాదు. కొందరికి భయం గడియ గురించి కాదు, ఊళ్ళో నలుగురూ ఏమంటారో అని. దానికి మీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఓ ఏడాదిలో ఆ నలుగురే తమ పిల్లకు రూమ్ చూడమని మీకు ఫోన్ చేస్తారు. నాకు చేశారు.

హాస్టలా, రూమా?

మొదటి ఆరు నెలలు హాస్టలే. ఊరు తెలియదు, మనుషులు తెలియరు, గ్యాస్, నీళ్ళ క్యాన్, కరెంటు బిల్లు అన్నీ ఒకేసారి నెత్తిన పడితే ఉద్యోగం మీద బుద్ధి నిలవదు. హాస్టల్లో చేరేటప్పుడు మూడు అడగండి: గేటు ఎన్నింటికి వేస్తారు, సెలవుకు ఊరికి పోతే ఆ రోజుల భోజనం డబ్బు తగ్గిస్తారా (తగ్గించరు, అయినా అడగండి), ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. సాంబారు సంగతి అడగనక్కర్లేదు. అది అన్ని చోట్లా ఒకటే.

ఏ ఏరియాలో చూడాలి?

పని ఎటు ఉంటే అటు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, బాలాజీ కాలనీలో చదువుకునే పిల్లలు ఎక్కువ. మెస్సులు, జెరాక్సులు, లేడీస్ హాస్టళ్ళు అన్నీ నడిచే దూరంలో దొరుకుతాయి, బాడుగ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. రేణిగుంట వైపు పోయేవాళ్ళు కొర్లగుంట, కరకంబాడి రోడ్డు చూసుకోవచ్చు. ఊరికి కాస్త ఎడంగా మంగళం, అవిలాల, పేరూరు వైపు బాడుగ తగ్గుతుంది. అటు బండి లేకపోతే కష్టం.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు బస్టాండుకు, రైల్వే స్టేషన్‌కు ఆనుకుని రూమ్ తీసుకోవడం. ఊరికి పోయి రావడానికి సులువనుకుంటారు. అక్కడంతా లాడ్జీలు, యాత్రికులు. తెల్లవారుజామున మూడింటికే గోవింద నామాలు, టూరిస్టు బస్సుల హారన్లు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి మన వీధిలోకి మనమే పోలేం. తిరుచానూరు వైపు ఉండేవాళ్ళు కార్తీక బ్రహ్మోత్సవాల చివర పంచమీ తీర్థం రోజు సెలవు పెట్టేసుకోవడం మేలు.

ఇల్లు చూసేటప్పుడు ఏమేం చూడాలి?

టులెట్ బోర్డు కనిపించగానే ఫోన్ చేయకండి. ముందు పక్కింటివాళ్ళతోనో కింద అంగడాయనతోనో మాట్లాడండి. ఓనరు చెప్పనివి వాళ్ళు చెబుతారు.

ఇక నీళ్ళు. కార్పొరేషన్ కొళాయి ఉందా, ఎన్ని రోజులకోసారి వదులుతారు, సంపు ఎంత పెద్దది, మే నెలలో బోరు ఎండిపోతుందా, ట్యాంకరు తెప్పిస్తే ఆ డబ్బు ఎవరిది? మోటారు ఎవరు వేస్తారు అన్నది కూడా అడగాలి. నవ్వకండి. మా మొదటి ఇంట్లో మోటారు స్విచ్ ఓనరమ్మ వంటింట్లో ఉండేది. ఆవిడ మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం నాలుగు దాకా మిద్దె మీద మా కొళాయిలో చుక్క రాదు. వేసవి మొత్తం ఆవిడ నిద్రను బట్టే స్నానాలు చేశాం. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయేమో నోట్లో వేసుకుని చూడండి. గీజరు చుట్టూ, కొళాయి మూతి దగ్గర తెల్లగా పెంకు కట్టి ఉంటే ఆ నీళ్ళతో తలస్నానం చేసినంత కాలం జుట్టు గురించి ఏడుస్తూనే ఉంటారు.

రెండోది ఎండ. పైకప్పు నేరుగా ఎండకు ఉండే రూమ్, పడమటి గోడ ఉండే రూమ్ బాడుగ తక్కువకు ఎందుకు వస్తుందో ఏప్రిల్‌లో అర్థమవుతుంది. రాత్రి పదకొండుకు కూడా గోడ మీద చెయ్యి పెడితే పెనంలా ఉంటుంది. కుదిరితే మధ్యాహ్నం మూడింటికి పోయి చూడండి. ఓనర్లు ఉదయం రమ్మంటారు.

మూడోది వాన. ఈ వైపు పెద్ద వానలు నవంబర్, డిసెంబర్‌లలో వస్తాయి. 2021 నవంబర్‌లో తిరుపతిలో ఎన్నో కాలనీలు మునిగాయి. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది పల్లెలు ఖాళీ చేయించిన వానలవి. కింది పోర్షన్ తీసుకుంటుంటే పక్కింటాయన్ని ఒక్క మాట అడగండి: ‘ఆ ఏడు నీళ్ళు ఎంత దాకా వచ్చాయన్నా?’ ఆయన గోడ మీద చేత్తో చూపిస్తాడు. ఆ చెయ్యి మీ మంచం కంటే ఎత్తులో ఉంటే ఇంకో ఇల్లు చూసుకోండి.

అడ్వాన్సు, అగ్రిమెంటు ఎలా? పదకొండు నెలలకే ఎందుకు రాస్తారు?

ఏడాది దాటే బాడుగ ఒప్పందాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలన్నది అందరూ చెప్పుకునే లెక్క. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా పదకొండు నెలలకు రాసుకుని మళ్ళీ పొడిగించుకుంటారు. కాగితంలో బాడుగ, అడ్వాన్సు, ఏటా ఎంత పెంచుతారు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఇవి ఉన్నాయో లేదో చూడండి. ‘పెయింటింగ్’ అనే మాట కూడా వెతకండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల బాడుగ పట్టుకోవడం మామూలే. ముందే తెలిస్తే గొడవ ఉండదు.

అడ్వాన్సు ఫోన్‌లోనే వేయండి, చేతికి ఇవ్వకండి. చేరిన రోజే కరెంటు మీటరు రీడింగు, గోడల పగుళ్ళు, విరిగిన అద్దం, అన్నీ ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ‘ఏంటమ్మా ఇది’ అంటారు. ‘ఊరికే, గుర్తుకు’ అనండి. నేనొక ఇంట్లో ఇది చేయలేదు. నేను పోకముందే చిట్లిన వాష్‌బేసిన్‌కు నా అడ్వాన్సులో రెండు వేలు పోయాయి.

ఆఫీసులో ఇంటి బాడుగ చూపించి పన్ను మినహాయింపు తీసుకునేవాళ్ళు, ఏడాది బాడుగ లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఇస్తారో లేదో చేరకముందే అడగండి.

ఓనర్లు ఏమేం అడుగుతారు?

ఏం చేస్తారు, ఎంత మంది, ఏ ఊరు. తర్వాత గొంతు తగ్గించి ‘మీరేమిట్లు?’ అని. అంటే కులం. ఇది అడగని వీధులు ఉన్నాయి, అడిగే వీధులు ఎక్కువున్నాయి. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను మాత్రం ‘ఐడెంటిటీ కార్డు ఇస్తాను, ఆధార్ ఇస్తాను, ఇంకేం కావాలి’ అని ఆగుతాను. దానికి రెండిళ్ళు పోయాయి. పోతే పోయాయి, అక్కడ ఉండి రోజూ వాళ్ళ చూపులు భరించేకంటే నయం.

మాంసం వండకూడదనే షరతు ఈ ఊళ్ళో మామూలు. కోడిగుడ్డు కూడా కూడదా అని తేల్చుకోండి. తర్వాత చెత్తబుట్టలో పెంకు కనబడితే పెద్ద పంచాయితీ. ఆడపిల్ల ఒక్కతే ఉంటానంటే కొందరు ఇవ్వరు, ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే ఇస్తారు. మగపిల్లలకు అసలు ఇవ్వరని మా తమ్ముడి గోల. ‘బ్యాచిలర్స్‌కు లేదు’ అనే బోర్డులు చూశాక వాడు చెప్పింది నిజమే అనిపించింది.

మంచి రోజు చూసి చేరాలా?

మీకు పట్టింపు లేకపోయినా ఓనరుకు ఉంటుంది. ఆషాఢంలో, అమావాస్యకు, మంగళవారం సామాన్లు దించనివ్వరు. పాలు పొంగించడానికి చిన్న గిన్నె, స్టవ్ మొదటి ట్రిప్పులోనే వేసుకోండి. మేం స్టవ్ రెండో ట్రిప్పులో పెట్టి, పక్కింటి ఇండక్షన్ స్టవ్ మీద పొంగించాం. అపశకునం ఏమీ జరగలేదు.

గ్యాస్ కనెక్షన్ ఎలా?

ఇంట్లో ఉన్నది అమ్మ పేరు మీద ఉంటుంది, దాన్ని కదపకండి. ఒక్కరే ఉంటే కంపెనీలు అమ్మే 5 కిలోల చిన్న సిలిండరు చాలు. దానికి అడ్రసు రుజువు అడగరు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. వీధి చివర పెద్ద సిలిండరు నుంచి చిన్నదానికి ఎక్కించి ఇచ్చే అంగళ్ళ దగ్గరికి మాత్రం పోకండి. వంద రూపాయలు మిగులుతాయని మూసిన గదిలో బాంబు పెట్టుకున్నట్టే.

ఇండక్షన్ స్టవ్ కొంటే లెక్క ఇది: 2000 వాట్ల స్టవ్ అరగంట మండితే ఒక యూనిట్. అంతే వాట్ల గీజరు పావుగంట వేస్తే అర యూనిట్. కరెంటు కంపెనీ (డిస్కమ్) బిల్లు స్లాబుల వారీగా వస్తుంది, తక్కువ వాడితే రేటు తక్కువ. చాలామంది ఓనర్లు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఒకే రేటు తీసుకుంటారు. ఆ రేటు ఎంతో చేరకముందే తేల్చుకోండి.

వంట రాదు. బతకగలనా?

అన్నం, చారు, కోడిగుడ్డు పొరటు వస్తే బతుకుతారు. కర్రీ పాయింట్ల కూర వారానికి రెండు మూడు సార్లు పరవాలేదు. రోజూ తింటే ఆ నూనెకు కడుపు తిరగబడుతుంది. నెలాఖరులో చెయ్యి ఖాళీ అయితే అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు భోజనం. సిగ్గుపడేదేముంది? టై కట్టుకున్నవాళ్ళు కూడా లైన్లో ఉంటారు.

సంగటి మీద బెంగ పడకుండా ఎవరూ ఉండరు. నేను మొదటిసారి చేసినప్పుడు అవ్వ ఫోన్‌లో ఉంది. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి వెంటనే గరిటెతో కలిపేశాను. అంతా ఉండలు, లోపల పచ్చిపిండి. ‘ఎవురే నిన్ను కలపమంది?’ అని అవ్వ తిట్టింది. పిండి కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, సన్న సెగ మీద మగ్గనిచ్చి, దించాక తెడ్డుతో గట్టిగా గెలకాలి. తెడ్డు తిరుపతిలో దొరుకుతుంది గానీ ఇంటి నుంచి తెచ్చుకోండి. పక్కన ఊరుబిండి పచ్చడికి చెనక్కాయలు వేయించేటప్పుడు కిటికీ తెరవండి, మిరపకాయల ఘాటుకు రూమ్‌మేట్ తలుపు తీసుకుని బయటికి పరిగెత్తుతుంది.

రూమ్‌మేట్‌తో లెక్కలు?

పాలు, నీళ్ళ క్యాన్, గ్యాస్, ఇంటర్నెట్ ఉమ్మడి. మిగతావి ఎవరివి వాళ్ళవి. ప్రతి ఆదివారం తేల్చేసుకోండి. ‘తర్వాత చూసుకుందాంలే’ అన్నచోటే స్నేహాలు చెడతాయి.

తిరుపతిలో రూమ్ ఉందని తెలిసి చుట్టాలంతా దర్శనానికొస్తామంటున్నారు. ఎలా?

వేరే ఊళ్ళో రూమ్ తీసుకున్నవాళ్ళకు ఈ బాధ ఉండదు. మీరు చేరిన మొదటి నెలలోనే, పెళ్ళిళ్ళలో తప్ప కనబడని పిన్నమ్మలు ఫోన్ చేస్తారు. ‘బాగున్నావా పాపా’తో మొదలై ‘ఆరు మందిమి, రాత్రికి నీ దగ్గర పడుకుని తెల్లారి కొండెక్కుతాం’ దగ్గర ఆగుతుంది. పదికి పది గదిలో ఆరు మంది! ఓనరు ఎవరెవరు వస్తున్నారని అడుగుతాడు, నీళ్ళు అయిపోతాయి, రూమ్‌మేట్ ముఖం మాడ్చుకుంటుంది.

తప్పు ఓనరు మీద వేయండి. ‘మా ఓనరు ఒప్పుకోడు అత్తా’ అంటే ఎవరూ నొచ్చుకోరు. దాంతోపాటు దారి కూడా చూపించాలి: టీటీడీ వసతి గృహాలు ఉన్నాయి, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, పక్కనే మాధవం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం. మీరే ముందు పోయి వాళ్ళను దించి, టిఫిన్ తినిపించి, మరుసటి రోజు లడ్డూ తీసుకోండి. అందరికీ సంతోషం. అమ్మానాన్నలు వస్తే మాత్రం నేల మీదైనా మీ గదిలోనే.

300 రూపాయల దర్శనం టికెట్లు మీరు ఇప్పించగలరని కూడా అనుకుంటారు. తిరుపతిలో ఉండటానికీ దానికీ సంబంధం లేదని చెప్పీ చెప్పీ నేను అలసిపోయాను.

ఆధార్‌లో అడ్రసు మార్చుకోవాలా?

హాస్టల్లో ఉన్నంత కాలం వద్దు. ఒక ఇంట్లో కుదురుకున్నాక ఆలోచించండి. మార్చుకుంటే ఒక లాభం: ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికుల దర్శనం 2024 డిసెంబర్‌లో మళ్ళీ మొదలైంది, దానికి ఆధార్‌లో ఇక్కడి అడ్రసు ఉండాలి. ఓటు మార్చుకోవాలంటే ఫారం 8. నేను ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్నాను, ఎన్నికలప్పుడు ఊరికి పోవడానికి అదొక సాకు.

ఒక్కరే ఉన్నప్పుడు జ్వరమొస్తే?

పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, థర్మామీటరు మొదటి రోజే కొని పెట్టుకోండి. జ్వరమొచ్చాక మెట్లు దిగి మందుల షాపుకు పోవడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుసు. ఎక్కువైతే రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ అలిపిరి రోడ్డు వైపే ఉన్నాయి. అంబులెన్స్‌కు 108, ఏ అత్యవసరమైనా 112, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181. రెండో తాళం చెవి పక్కింట్లో నమ్మకమైన ఒకరి దగ్గర ఉంచండి. మీరు లోపల పడిపోతే తలుపు తీయాల్సింది వాళ్ళే. గడియ పెట్టుకుని పడిపోతే ఎలా అని మా నాయన్ని అడిగాను. జ్వరం రోజు గడియ పెట్టొద్దన్నాడు, తాళం ఒక్కటే వేసుకోమన్నాడు.

ఊరికి పోతే నా మంచం మీద చెనక్కాయల మూటలు పెట్టేశారు. బాధగా ఉంది. ఇది మామూలేనా?

మామూలే. రెండో నెలలో జరుగుతుంది. మా ఇంట్లో మంచం మీద మూటలు, నా అలమరాలో చింతపండు. మొదటిసారి చూసి గొంతు పట్టేసింది, ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ నా ముఖం చూసి, ఏమీ అనకుండా మూటలు ఒక్కొక్కటే కిందికి లాగి దుప్పటి పరిచింది. రాత్రి కాళ్ళు చాపితే మూలన ఇంకోటి తగిలింది. అదెందుకు దించలేదని అడిగాను. పొద్దున్న బస్సుకు నేను మోసుకుపోవాల్సింది అదేనట.